వేణ్ణీళ్ల విచారణ

కోయంబత్తూరు పీళమేట్లోని ఆ పాత తెలుగు వీధికి తెల్లవారుజామున ఒక వాసన ఉంటుంది. పెరట్లో కాలే కొబ్బరి చిప్పల వాసన, తలంటుకున్నాక రుద్దుకునే అరప్పు ఆకు పొడి వాసన, ఆ రెంటి మీద దుప్పటిలా పరుచుకునే బస్సుల పొగ. వరదరాజన్ ఆ వాసనలోనే పుట్టాడు. ఆ వాసనలోనే స్పిన్నింగ్ మిల్లుకు వెళ్లివచ్చాడు. మెయింటెనెన్సు సూపర్‌వైజరుగా రిటైరై, ఆ వాసనలోనే అరుగు మీద కూర్చున్నాడు. కూర్చుని విచారించడం మొదలుపెట్టాడు.

కోయంబత్తూరు తెలుగువాళ్లకు విచారించడం అంటే ఆరా తీయడం. ఏ వస్తువైనా సరే, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా వరదరాజన్ ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. ఫ్యాను కొనాలనుకున్న ఏడు, ఆయన విచారణ ముగిసేదాకా ఎండాకాలం ఆగలేదు. ఫ్యాను వచ్చేసరికి వానలు పడుతున్నాయి. ఆయన దుప్పటి కప్పుకుని దాని కింద కూర్చుని, గాలి బాగుందన్నాడు. ఇల్లు తగలబడుతున్నా ఏ బావి నీళ్లు మంచివో విచారించిగానీ చెంబు ముంచడని వీధిలో అనుకునేవారు. కొటేషన్ నాయుడు అని పేరు పెట్టారు. ఆ పేరు ఎగతాళి అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా, ఎగతాళి చేసినవాళ్లే వాషింగ్ మెషిన్ కొనేముందు ఆయన అరుగెక్కేవారు కాబట్టి, నమ్మేవాడు కాదు.

అలాంటి ఇంట్లో ఆ ఐప్పసి మాసం, దీపావళి వానల్లో రాగి బాయిలరు అడుగు పోయింది.

ఆ బాయిలరు వరదరాజన్ తల్లి కాంతమ్మాళ్‌తో పాటు కంబం నుంచి కాపురానికి వచ్చింది. నడుమ నిప్పు, చుట్టూ నీళ్లు, పక్కన ఒక ఇత్తడి కుళాయి. కొబ్బరి చిప్పలు వేస్తే చాలు, గుడగుడమని పాత కబుర్లు చెబుతూ కాగేది. ఇన్నేళ్లు నిప్పును కడుపులో పెట్టుకుని, ఒకనాడు పొద్దున అడుగున సూదిబెజ్జమంత వెలుతురు చూపించింది. మాట్లు వేసేవాడు దాన్ని తిరగేసి చూసి, "రాగి కాగితమైపోయిందయ్యా, దీనికి ఇంక మాటు నిలవదు" అని లేచిపోయాడు.

కాంతమ్మాళ్‌కు ఎనభై దాటాయి. రాత్రంతా ఆమె వేళ్లు మొగ్గల్లా ముడుచుకుపోయి ఉంటాయి. తెల్లవారకముందే ఒళ్లంతా వేణ్ణీళ్లు పడితే ఒక్కొక్క వేలే విచ్చుకుంటుంది. విచ్చుకున్న ఆ చేతులతోనే ఆమె తన జడ తను వేసుకుంటుంది, తన కాఫీ లోటా తను పట్టుకుంటుంది. చన్నీళ్లు పోసుకున్న రోజున మాత్రం ఆ రెండు పనులూ ఇంకొకరు చేయాలి. అది ఆమెకు చావుతో సమానం.

అందుకని బాయిలరు పోయిన మర్నాటి నుంచి కోడలు అంజలమ్మ గ్యాసు పొయ్యి మీద పెద్ద అండా పెట్టి నీళ్లు మరగబెట్టింది. ఆ అండాను రెండు చేతులా పట్టుకుని, వంటింటి గడప దాటి, వానకు నాచు పట్టిన మెట్టు దిగి, పెరటి స్నానాల గదిదాకా మోసింది. అంజలమ్మకూ అరవై దగ్గర పడుతున్నాయి. అత్తగారికి పోశాక అండాలో అడుగున మిగిలినవి ఆమెవి.

"మార్గళి నెల చలి వచ్చేలోపల ఏదో ఒకటి పెట్టండి" అంది అంజలమ్మ మొగుడితో. "లేకుంటే ఒకనాడు ఈ అండా, నేను, మీ అమ్మ ముగ్గురం కలిసి ఆ మెట్టుమీద పడతాం."

"ఏదో ఒకటి అని ఎట్ల పెడతారు అంజలా? విచారించవద్దా?"

"ఫ్యానుకి చెమట పట్టేది మీకు. దీనికి కాలేది నాకు. అది జ్ఞాపకం పెట్టుకొని విచారించండి."

వరదరాజన్ జ్ఞాపకం పెట్టుకున్నాడు. జ్ఞాపకం పెట్టుకున్నందువల్ల ఇంకా జాగ్రత్తగా విచారించాడు.

కరెంటు గీజరు ఆయనకు నచ్చలేదు. మీట నొక్కగానే మీటరు పూనకం వచ్చినట్టు తిరుగుతుందన్నాడు. గ్యాసు గీజరుకు గాలి పోయే కిటికీ కావాలి, వాళ్ల స్నానాల గదికి ఉన్నది పిల్లి దూరే కన్నం. ఇక మిగిలినవి రెండు. ఒకటి, మేడ మీద గాజు గొట్టాలు పరిచి సూర్యుణ్ని పట్టి నీళ్లలో ముంచేది. రెండోది హీట్ పంపు. ఫ్రిజ్జును తిరగేసినట్టు ఉంటుంది దాని పద్ధతి. బయటి గాలిలో ఉన్న కొద్దిపాటి వెచ్చదనాన్ని పిండి, తొట్టిలోని నీళ్లకు పడుతుంది. కరెంటు ఆ పిండేందుకే గానీ నేరుగా కాచేందుకు కాదు గనక, గీజరు తాగేదానిలో మూడో వంతుతో సరిపెట్టుకుంటుందట.

అట. ఆ 'అట' దగ్గరే వరదరాజన్ ఆగిపోయేవాడు. కంపెనీవాళ్లిచ్చిన రంగు కాగితాల్లో ప్రతి నీటిచుక్కా నవ్వుతూ ఉండేది. నవ్వే నీళ్లను ఆయన నమ్మలేదు. నీళ్లను నమ్మాలంటే ఒంటి మీద పోసుకోవాలి. కాబట్టి పసుపు సంచిలో ఒక తువ్వాలు, ఒక పంచె, మిల్లులో గంజి కాచే చోట వాడే పాత థర్మామీటరు వేసుకుని, ఊళ్లమీద స్నానాలకు బయలుదేరాడు.

మొదట వీధిలోవాళ్ల ఇళ్లు అయ్యాయి. పసుపు సంచి కనబడితే స్నానాల గది గొళ్లెం పెట్టుకునేవాళ్లు మొదలయ్యాక, అవినాశి వెళ్లాడు. అక్కడ దాయాది అన్నకొడుకు సత్యరాజ్ బనీన్ల కంపెనీ నడుపుతూ, మేడ మీద గాజు గొట్టాలు పెట్టించుకున్నాడు. సాయంత్రం పోసుకున్న నీళ్లు చెయ్యి పెట్టనివ్వలేదు. వరదరాజన్ మొహం వెలిగింది. కానీ తల్లి పోసుకునేది తెల్లవారుజామున కదా అని ఇంకొక రోజు అక్కడే ఆగాడు. ఆ రోజంతా అవినాశి మీద మబ్బు గొంగళి కప్పుకుని పడుకుంది. మర్నాడు పొద్దున నీళ్లు నీరసంగా వచ్చాయి.

"ఏమిరా సత్యా, ఇది వేణ్ణీళ్లా, జ్వరం దిగిపోయిన నీళ్లా?"

"సూర్యుడు నా కంపెనీలో పని చేస్తా ఉన్నాడా చిన్నాయనా, రమ్మంటే వచ్చేదానికి? మబ్బునాళ్లకని దానికీ కరెంటు బొత్తాం ఒకటి ఉంది. నొక్కమంటారా?"

"కరెంటు నొక్కేదానికి సూర్యుడు ఏంటికిరా నడుమ?"

సత్యరాజ్ ఒకసారి లోపలికి తిరిగి చూశాడు. చిన్నాయన ఎప్పుడు బయలుదేరతాడని లోపల్నుంచి భార్య కళ్లతో అడుగుతోంది.

మిగిలింది హీట్ పంపు. అది ఉన్నది బోడినాయకనూరులో, ఏలకుల వ్యాపారి ఇంటికి కోడలుగా వెళ్లిన మేనక దగ్గర. మేనక వరదరాజన్‌కు మేనత్త కూతురు, వరసకు మరదలు. కొండ కింద మంచు ఊరు గనక అక్కడ సూర్యుణ్ని నమ్ముకోలేదు. కోయంబత్తూరు మార్గళికి బోడి పొద్దుటి చలే సరైన పరీక్ష అని వరదరాజన్ రాత్రి బస్సెక్కాడు.

ఆ ప్రయాణంలో ఆయనకు నిద్ర లేదు. కళ్లు చింతనిప్పులయ్యాయి. బోడి బస్టాండులో దిగుతుంటే చెప్పు తెగింది, రెండో దాన్నీ అక్కడే వదిలేశాడు. ఆకలికి తాళలేక బండి దగ్గర నిలబడి వేడివేడి ఉద్దివడలు కడుపునిండా తిన్నాడు. తర్వాత వట్టికాళ్లతో, ఎర్రటి కళ్లతో, భుజాన తువ్వాలుతో మేనక వాకిట్లో నిలబడ్డాడు. ఇల్లంతా ఏలకుల వాసన. మంచులో ఆ వాసన కూడా తడిసినట్టుంది.

"బావా! ఏమి ఇట్ల, చెప్పకుండా? చెప్పుల్లేకుండా?"

"ముందు తలకి నీళ్లు పోసుకోవాల మేనకా. తర్వాత మాట్లాడుదాం."

"ఉండండి, నూనె తెస్తాను."

"నూనె వద్దు. సుమ్మా, వట్టి నీళ్లే."

మేనక చేతిలోని చెంబు అలాగే ఆగిపోయింది. పొద్దున్నే, ఇంకొకరి ఇంట్లో, నూనె లేకుండా తలకు పోసుకునేవాణ్ని ఆ ఊళ్లల్లో ఎవరూ ఎందుకని అడగరు. వరదరాజన్‌కు మాత్రం నూనె ఉంటే నీళ్ల వేడి చర్మానికి సరిగా తెలియదని భయం, అంతే.

స్నానం అయ్యాక ఆయన పెరట్లోకి వెళ్లి, గోడకు బిగించిన యంత్రానికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. దాని గురక ఎంతో వినాలి కదా. మేనక దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"బావా... అత్త ఎట్ల ఉంది?"

వరదరాజన్ కళ్లు తెరవకుండా, మాట్లాడవద్దని చెయ్యెత్తాడు. తడి జుట్టులోంచి ఒక నీటిబొట్టు జారి చెంప మీదుగా గడ్డం దాకా వచ్చింది.

మేనక పైట చెంగు నోట్లో కుక్కుకుంది.

"రెండిడ్లీలైనా తినండి బావా."

"వద్దు మేనకా. ఏమీ దిగదు."

అంతలో తేని ఊరికి వెళ్లే బస్సు హారను కొట్టింది. థర్మామీటరు వెలుతురుకు పట్టి చూస్తూ, అంకెలు గొణుక్కుంటూ, ఆయన గడప దిగి వెళ్లిపోయాడు. 'వస్తాను' అనలేదు. ఆ తెలుగు ఇళ్లల్లో పసిపిల్లకు కూడా తెలుసు, వస్తాను అనకుండా మనిషి వెళ్లేది చావు విషయం ఉన్నచోటే.

మేనక గడపమీద కూలబడి లెక్క కట్టింది. కాంతమ్మాళ్ అత్త పోయింది. ఆమె పుట్టింది కంబంలో. కంబం పక్కనే సురుళి తీర్థం. పుట్టిన ఊరి నీళ్లల్లో తల్లి అస్థికలు కలిపి, ఆ చేత్తోనే తన ఇంటికి వచ్చి తలకు పోసుకుని పోయాడు బావ. పాపం, నోరు రాలేదు. ఎక్కడా లెక్క తప్పలేదు. వరదరాజన్ వంశంలోనే పుట్టిన లెక్క అది.

కంబంలో ద్రాక్షతోటలో ఉన్న బంగారుకు ఫోన్ పోయింది. బంగారు కాంతమ్మాళ్ తమ్ముడు. అవినాశిలో సత్యరాజ్‌కు పోయింది. వరదరాజన్ ఇంటికి మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు. చేసి ఏమని అడుగుతారు, మీ అమ్మ పోయిందా అనా? పోకుండా ఉంటే అది నోటి శని. పోయి ఉంటే, మనకు చెప్పకుండా దహనం చేసినవాడికి మనమై ఎందుకు ఫోన్ చేయాలి?

వరదరాజన్ ఇంటికి చేరేసరికి అంజలమ్మ ఎడమ చేతికి గుడ్డ కట్టి ఉంది. ఆ పొద్దున నాచు మెట్టు మీద కాలు జారింది. అండా పడలేదు గానీ నీళ్లు తొణికి మణికట్టు మీద పడ్డాయి.

"అయ్యయ్యో, నేను వచ్చేదాకా ఆగకూడదా?" అన్నాడు వరదరాజన్. "బోడి మెషిన్ బలే బాగుంది అంజలా. ఇంక పొళ్లాచ్చిలో ఒక ఇల్లు చూస్తే ముగిసింది."

అంజలమ్మ చేతి గుడ్డ ముడి బిగించుకుంది. తలెత్తి ఆయనవైపు చూసింది. ఆ చూపుకు థర్మామీటరు పెట్టి ఉంటే తెలిసేది.

మర్నాడు వాన. వెండి దారాలతో ఎవరో వీధిని ఆకాశానికి కుట్టేస్తున్నట్టుంది. పెరటి గదిలో కాంతమ్మాళ్ స్నానం చేస్తోంది. వాకిట్లో ఒక కారు ఆగింది, దాని వెనకే సత్యరాజ్ వ్యాను. కారులోంచి మేనక దిగి, తల విరబోసుకుని, పరుగున వచ్చి అంజలమ్మను కౌగిలించుకుని ఒప్పారి, చావింటి శోకాల పాట, ఎత్తుకుంది.

"పోయినావా మా తల్లీ, పొయ్యిలో నిప్పు ఆరకముందే పోయినావా..."

అంజలమ్మ ఆమెను పడిపోకుండా పట్టుకుంది. మేనక ఇంట్లో ఎవరో పోయారనుకుంది. ఎవరని అడిగే లోపలే, మనిషి మీద పడి ఏడుస్తుంటే ఏడవకపోవడం మర్యాద కాదని ఆమె కూడా ఏడవసాగింది. చేయి మంట ఉండనే ఉంది, కన్నీళ్లకు వెతుక్కోవలసిన పని లేకపోయింది.

బంగారు కర్ర పొడుచుకుంటూ అరుగెక్కాడు. చంకలో ఒక కొత్త చీర మూట.

"ఏమిరా వరదా! మా అక్కకి పుట్టింటి చీర కప్పకుండా కాల్చేసినావా? నా కళ్లు చూడకుండా? నువ్వు మనిషివా?"

"మామా, ఎవురిని కాల్చినాను?"

"నోరు మూయి! సురుళిలో కలిపేసి వచ్చి, ఎవురిని అంటావా?"

ఈలోగా సత్యరాజ్ వ్యానులోంచి ఒక పెద్ద ఫ్లెక్సు దించి వాకిట్లో విప్పాడు. అరవ అక్షరాల్లో 'కణ్ణీర్ అంజలి' అని రాసి ఉంది. అంటే కన్నీటి నివాళి. కింద ఏదో పెళ్లిలో తీసిన కాంతమ్మాళ్ బొమ్మ, నిలువెత్తున, పన్ను లేని నవ్వుతో. దాని మీద వాన చినుకులు జారుతుంటే ఆమె నిజంగానే ఏడ్చి నవ్వుతున్నట్టుంది.

వరదరాజన్ ఆ ఫ్లెక్సు వైపు, మేనక వైపు, మామ వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి ఏమి విచారించాలో ఆయనకు తెలియలేదు.

పెరటి తలుపు తెరుచుకుంది. తడి జుట్టు ముడేసుకుంటూ కాంతమ్మాళ్ నడవలోకి వచ్చింది.

"ఎవురే అది, పొద్దున్నే ఏడ్చేది? ఎవురు పోయినారు?"

మేనక ఒప్పారి నడిమధ్యలో తెగింది. బంగారు కర్ర వదిలేసి గోడ పట్టుకున్నాడు. సత్యరాజ్ ఫ్లెక్సు చుట్టేయబోయాడు గానీ, అది వానకు నేలను కరుచుకుంది.

"అక్కా..." అన్నాడు బంగారు. "నువ్వు... ఉండావా?"

"ఉండేది కనిపించలేదా? ఏమిరా అది చంకలో?"

సంగతి ఒక్కొక్క ముక్కగా బయటపడింది. ఎర్ర కళ్లు, వట్టికాళ్లు, నూనె లేని స్నానం, దిగని ఇడ్లీ, అనని 'వస్తాను'. అన్నీ విన్నాక కాంతమ్మాళ్ కొడుకు వైపు తిరిగింది.

"బస్టాండులో ఏమి తిన్నావురా?"

"ఉద్దివడ" అన్నాడు వరదరాజన్ తల దించుకుని.

కాంతమ్మాళ్ తమ్ముడి చంకలోంచి మూట లాక్కుని విప్పింది. చిలకపచ్చ చీర, ఎర్ర అంచు.

"బంగారూ, నేను ఉన్నన్నాళ్లూ ఇంత మంచి చీర తేలేదే నువ్వు!" అని, అక్కడికక్కడే పైన చుట్టుకుంది. "చచ్చినంక కప్పేదాన్ని బతికుండగా కట్టుకుంటే ఏమి తప్పు? సత్యా, ఆ బొమ్మ బాగుందిరా. చించవద్దు." మళ్లీ గొంతు మార్చింది. "సరి. బతికున్న దాని ఇంట్లో ఒప్పారి పెట్టినారు. తలకి పోసుకోకుండా ఎవురికీ కాఫీ లేదు. పోండి పెరట్లోకి."

"నీళ్లు?" అన్నాడు బంగారు. మనిషి అప్పటికే వణుకుతున్నాడు.

"చన్నీళ్లే. నీ మేనల్లుడు వేణ్ణీళ్ల కోసం ఊరూరూ తిరుగుతా ఉన్నాడు కదా. ఇంకా ముగియలేదు."

మేనక చన్నీళ్లు పోసుకుంటూ బావను కొండమీది జీపు డ్రైవర్లు కూడా వాడని మాటలతో తిట్టింది. బట్టలుతికే రాయి పక్కన నిలబడి సత్యరాజ్ మూలిగాడు. అందరి ఇళ్లల్లోనూ మంచి మంచి యంత్రాలున్నాయి. అందరి పళ్లూ ఒకటే చప్పుడు చేశాయి.

ముసలివాడు బంగారు మాత్రం చెంబు పట్టుకుని గడ్డకట్టిపోయాడు. అది చూసి అంజలమ్మ వంటింట్లోకి వెళ్లి పొయ్యి మీది అండాను, గుడ్డ కట్టిన చేత్తోనే ఎత్తబోయింది.

"దించు" అంది కాంతమ్మాళ్ గుమ్మంలోంచి.

"మామయ్యకి చలి అత్తా..."

"దించు అంటాను కదా. ఆ గుడ్డ విప్పి చూపించు నా కొడుక్కి."

అంజలమ్మ విప్పింది. మణికట్టు మీద బొబ్బ, పలచటి చర్మం కింద నీళ్లు. వరదరాజన్ చూశాడు. నిన్న గుడ్డనే చూశాడు, గుడ్డ కిందిది ఈ పొద్దే చూశాడు.

"నాకు చావు ముగిసిందిరా వరదా" అంది తల్లి. ఆమె గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ భయపెట్టింది. "ఒప్పారి విన్నాను. పుట్టింటి చీర కట్టినాను. బొమ్మ పెట్టినారు. ఇంక బతికినన్నాళ్లకి కావలసింది ఇయ్యి. ఈ పిల్ల ఇంక అండా ఎత్తకూడదు. దీపం పెట్టేలోపల చెప్పు, ఏది?"

"బోడి మెషినే మంచిదమ్మా. మబ్బుకి బయపడదు, కరెంటు తక్కువ. అయితే పొళ్లాచ్చిలో ఒక్క..."

"పొళ్లాచ్చిలో ఎవుర్ని చంపాల మామా?" అన్నాడు సత్యరాజ్, వరస కూడా మరచిపోయి.

మేనక తడి చేతులతోనే ఫోను అందుకుని, తన ఇంటికి ఆ యంత్రం అమ్మినవాళ్లకు చెప్పేసింది. ఎంత పెద్ద తొట్టి అని అవతల అడిగారు. అది మాత్రం తనే చెబుతానని వరదరాజన్ పట్టుబట్టాడు. ఆ ఒక్క లెక్కయినా తన చేతిలో ఉండనివ్వండి అన్నట్టు నిలబడ్డాడు. వదిలేశారు. ఎవరికెన్ని నీళ్లో వేళ్లమీద కూడి, మూడో మనిషికి కూడా సరిపోయే తొట్టి చెప్పాడు.

యంత్రం వచ్చింది. పెరటి గోడకు బిగించారు. సత్యరాజ్ ఫ్లెక్సును కాంతమ్మాళ్ బట్టలుతికే రాయి మీద పందిరిలా కట్టించింది. నిలువెత్తు కన్నీటి నివాళి కింద అంజలమ్మ ఇప్పుడు వాన తగలకుండా ఉతుక్కుంటోంది.

మార్గళి మొదటి పొద్దు. మంచు వీధిలోకి ఎవరినీ లేపకుండా వచ్చింది. కాంతమ్మాళ్ తనే గోడ పట్టుకుని నడిచి, తనే కుళాయి తిప్పింది. ఆవిరి లేచింది. వేలు తర్వాత వేలు విచ్చుకుంది. పోసుకోవడం అయ్యాక ఆమె చిలకపచ్చ చీర కట్టుకుని తలుపు సందులోంచి పిలిచింది.

"అంజలా! ఇట్ల రా. పీటమీద కూర్చో. నూనె తెచ్చినాను."

"నాకేంటికి అత్తా ఇప్పుడు..."

"కూర్చో అంటా ఉండాను. ఈ పొద్దు నేను పోస్తాను."

లోపల తలంటు సాగింది. అరప్పు వాసన, చెంబు బకెట్టుకు తగిలే చప్పుడు, నీళ్లు జుట్టులోంచి జారే చప్పుడు. ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి అంజలమ్మకు ఇంకొకరు నీళ్లు పోయడం అదే మొదలు.

బయట వరదరాజన్ పసుపు సంచితో, థర్మామీటరుతో కాచుకుని ఉన్నాడు. సొంత ఇంట్లో మొదటి స్నానం, మొదటి అంకె. తలుపు తెరుచుకుంది, వెచ్చటి ఆవిరిలోంచి ఇద్దరు ఆడవాళ్లూ మెరుస్తూ బయటికి వచ్చారు. ఆయన లోపలికి వెళ్లి కుళాయి తిప్పాడు.

నీళ్లు కాసేపు గోరువెచ్చగా, ఆపైన మార్గళి అంత చల్లగా వచ్చాయి.

లెక్క ఎక్కడ తప్పిందో నిలబడి చూసుకున్నాడు. తల్లికి నిండు బకెట్లు వేశాడు. తనకూ వేసుకున్నాడు. అంజలమ్మకు అర బకెట్టు వేశాడు. ఎప్పుడూ మిగిలిన నీళ్లతోనే కదా పోసుకునేది.

"అంజలా, నీళ్లు చల్లగా ఉండాయి!" అని అరిచాడు.

"గాలిని పిండుతా ఉంది మెషిన్, కొంచెం టైమ్ పట్టుతాది" అంది వంటింట్లోంచి అంజలమ్మ, జుట్టు ఆరబెట్టుకుంటూ. "అందాక అరుగుమీద కూర్చొని విచారించుకుంటా ఉండండి."